ఒక్క బజ్జీ ముట్టలేదు

నిజం చెప్పు అంటాడు, అదీ ఎక్కడ, ఇంట్లో కాదు, ఆటోలో, ఆటోవాడు అద్దంలోంచి నా మొహం చూస్తుండగా, ముప్పై ఆరేళ్ల కాపురంలో ఒక్క అబద్ధం ఆడనిదాన్ని పట్టుకుని, భాగ్యా, ఇగ దాయకు, నిజం జెప్పు, మనింటి కింద సూర్యకాంత్ బండి మీద రోజుకెన్ని బజ్జీలు తింటున్నవ్ అని, ఎస్టీ బస్సుల డిపోలో కంట్రోలరుగా మైకు పట్టుకుని ముఖేడ్ బస్సు, దేగ్లూర్ బస్సు అని అరిచిన గొంతు అది, రిటైరై రెండేళ్లయినా తగ్గలేదు, వజీరాబాద్ చౌరస్తా అంతా వినేలా నా తిండి సంగతి చాటించాడు నా మొగుడు అంబదాస్, ఆటోవాడు నవ్వు ఆపుకున్నాడు, నేను చూశాను, ఎడమ కన్ను మసకైతే ఏం, కుడిది ఇంకా కొంచెం పనిచేస్తోంది, ఇప్పుడు సాయంత్రం ఐదైంది, ఆ మాట అని నాలుగు గంటలు దాటింది, ఇంకా చెవిలోంచి దిగలేదు, పొయ్యి మీద పల్లీలు వేగుతున్నాయి, వాటికంటే నేనే ఎక్కువ చిటపటలాడుతున్నాను.

కంటి డాక్టరు మాత్రం మర్యాదగానే చెప్పాడు, శుక్లం బాగా ముదిరింది, తీసేస్తే మళ్లీ మునుపటిలా కనిపిస్తుంది, కానీ మూడు నెలల షుగర్ తొమ్మిదిన్నర ఉందమ్మా, ఎనిమిదికి దిగందే నేను చెయ్యి పెట్టను, పుండు మానదు, చీము పడితే అసలు కన్నే పోతుంది, ఇంకో మూడు నెలలు చూద్దాం, అప్పటికీ తగ్గకపోతే అని ఆగిపోయాడు, ఆ ఆగిపోవడమే నాకు నచ్చలేదు, ఇది మూడోసారి వెనక్కి పంపడం, ఎండాకాలంలో ఎనిమిదిన్నర, వానల్లో తొమ్మిది, దీపావళి దాటాక తొమ్మిదిన్నర, లోకంలో అందరికీ నోరు కట్టుకుంటే షుగర్ తగ్గుతుంది, నాకు కట్టుకున్నకొద్దీ పెరుగుతోంది, ఇదెక్కడి న్యాయం, కన్ను నాకు అందం కోసం కాదు, నేను జాకెట్లు కుడతాను, గాడీపురాలో సగం మంది ఆడవాళ్ల కొలతలు టేపు లేకుండా నా వేళ్లకు తెలుసు, పండగలప్పుడు రోజుకు ఆరు జాకెట్లు కుట్టిన చెయ్యి ఇది, మిషను పని ఎప్పుడో మానేశాను, ఇప్పుడు హుక్కులు, అంచులు, చేతికుట్టు మాత్రమే, దానికీ సూదిలో దారం ఎక్కించలేను, బెజ్జం ఉండాల్సిన చోట పాలు ఒలికినట్టు తెల్లగా కనిపిస్తుంది, మా కోడలు మయూరి పొద్దున బడికి పోయేముందు ఏడు సూదుల్లో ఏడు రంగుల దారాలు ఎక్కించి దిండుకు గుచ్చి పెడుతుంది, బడిలో పిల్లలకు మరాఠీ చెప్పే పిల్ల, ఆలస్యమవుతున్నా అది మాత్రం మరవదు, ఆ దారాలు ఉన్నంతసేపే నా పని, మధ్యాహ్నానికి అయిపోతాయి, తర్వాత ఆ కుట్టని జాకెట్ ఒళ్లో పెట్టుకుని గోడ చూస్తూ కూర్చుంటాను, ఈ కన్ను పోతే ఆ ఏడు సూదులు కూడా ఉండవు.

ఇంత భయం ఉన్నదాన్ని బజ్జీలు తింటానా, ఈ ఏడు నెలలు నేనెట్లా బతికానో ఈయనకు తెలియదా, కళ్ల ముందే కదా, పొద్దున లేవగానే మెంతులు నానిన నీళ్లు, మొహం వంకరపోతుంది తాగితే, గోదావరి ఘాట్ దాకా నడక, వచ్చాక గుప్పెడు పెసర మొలకలు, మధ్యాహ్నం జొన్నరొట్టె ఒక్కటి, రెండోది అడగను, నూనె చూపించి తీసేసిన మెంతికూర, లేకపోతే కాకరకాయ, రాత్రి మళ్లీ ఒక రొట్టె, చప్పటి పప్పు, చాయ్‌లో చక్కెర మానేసి ఏడు నెలలు, దీపావళికి ఇల్లంతా పిండివంటలు, చక్లీలు, కరంజీలు, నేనే పక్కన కూర్చుని చేయించాను, నూనె చుక్క నాలుకకు తగలనివ్వలేదు, ఇక కింద ఆ బండి, ఇదిగో కడాయి ఎక్కించాడు, చప్పుడు వినిపిస్తోంది, సర్ఖని నుంచి వచ్చినవాడు ఆ సూర్యకాంత్, ఇంత పెద్ద నాందేడ్‌లో ఇంకెక్కడా జాగా లేనట్టు రెండేళ్ల కింద మా మెట్ల పక్కనే బండి పెట్టాడు, వాము నలిపి వేసిన శెనగపిండి, పొట్ట చీల్చి చింతపండు కూరిన మిరపకాయలు, నూనెలో పడగానే ఆ సుయ్ మనే చప్పుడు, మొదటి అంతస్తులో కిటికీ మూసినా తలుపు కింది సందులోంచి వాసన లోపలికొచ్చి చాప వేసుకుని కూర్చుంటుంది, నోట్లో నీళ్లు ఊరతాయి, ఊరవా మరి, నేనేమన్నా రాయినా, అయినా పళ్లు బిగపట్టుకుని కూర్చుంటాను, నాకు ఎదురుగానే వసారాలో ఈయన పేపరు విప్పి పార్సల్ తింటాడు, రోజూ, ఒక్క రోజు తప్పదు, నాలుగు మిర్చీ బజ్జీలు, రెండు ఆలూబొండాలు, చివర్లో వేళ్లు నాక్కుంటాడు, పైగా పేపరుకు అంటిన నూనె చూసి అబ్బ ఎంత నూనె పోస్తున్నడు అని సూర్యకాంత్‌ను తిడతాడు, ఈయనకు షుగర్ నూట పది, ఏం చేస్తాం, దేవుడు కూడా చూసి చూసి ఇస్తాడు, తిన్నవాడు నిమ్మళంగా ఉన్నాడు, తినని నేను దొంగనయ్యాను.

అందుకే నాలుగింటికి చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగి బండి ముందు నిలబడ్డాను, ఆయన వసారాలోంచి వంగి చూస్తున్నాడు, చూడనీ, చూడాలనే దిగాను, ఓ సూర్యకాంత్, నీ పిల్లల మీద ఒట్టేసి జెప్పు, ఈ ఏడు నెలలల్ల నేను నీ బండి మీద ఒక్క బజ్జీ తిన్ననా, ఎవరితోనన్న పార్సల్ తెప్పిచ్చుకున్ననా అని అడిగాను, అతను పిండి కలుపుతున్న చెయ్యి గిన్నెలోనే ఉంచి నన్నూ పైన ఈయన్నూ మార్చి మార్చి చూశాడు, అరే కాకూ, నువ్వా, నా బండి దిక్కు సూస్తెనే పాపమైతదన్నట్టు మొకం తిప్పుకోని పోతవ్, నా బజ్జీలల్ల ఏం ఐబున్నదని నాకే మనసుల బాధైతది అన్నాడు, పాపం నిజంగానే బాధగా అన్నాడు, డబ్బా పట్టుకుని నిలబడ్డ పక్కింటి చంద్రభాగ కూడా ఔనౌను, భాగ్యక్క తినది, అక్కది మస్తు జిద్దు, మొండి పట్టు అంది, ఇద్దరు సాక్షులు, వీధి మధ్యలో, పట్టపగలు, నేను తలెత్తి పైకి చూశాను, ఇప్పుడేమంటావు అన్నట్టు, ఈయన డిపో గొంతుతో, మరి షుగర్ యాడికెల్లి అచ్చింది, ఆస్మాన్‌కెల్లి పడ్డదా అన్నాడు, చంద్రభాగ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, గెలిచి కూడా ఓడిపోయినట్టు మెట్లెక్కి వచ్చాను.

ఆ మాటే నా మంట, ఆస్మాన్ నుంచి పడకపోతే ఎక్కడిది, ల్యాబులో నా రక్తం సీసా మీద ఇంకెవరి పేరో రాసి ఉంటారు అనుకుందామంటే మూడుసార్లూ రాస్తారా, గోళీలు నకిలీవేమోనని అట్ట తిప్పి తిప్పి చూశాను, కంటికి ఆనితే కదా, అయినా గోళీ విషయంలో నా అంత నియమం ఎవరికుంది, భోజనం చేశాకే వేసుకోమన్నారు, భోజనం చేశాకే వేసుకుంటాను, భోజనం లేని ఉపవాసం నాడు వేసుకోను, ఖాళీ కడుపున వేసుకుంటే కళ్లు తిరుగుతాయని దవాఖానలో తిండి సంగతులు చెప్పే సాయలి ముందే చెప్పింది, ఆ పిల్లే నాకు నోటుబుక్కు ఇచ్చింది, కాకూ, జే జే ఖాల్ తే సగళం లిహా అని, తిన్నదల్లా రాయమని, కళ్లు ఇంత మసకైనా రాశాను, కొట్టొచ్చినట్టు పెద్ద పెద్ద అక్షరాలతో రాశాను, రోజుకు నాలుగు గీతల చోటు, జామకాయ ముక్క తిన్నా రాశాను, పెళ్లిలో ఎవరో బలవంతంగా నోట్లో కుక్కిన బూందీ లడ్డు తునక కూడా రాసి పక్కన క్షమించండి అని కూడా రాశాను, ఇంత సత్యంగా దవాఖానకు ఎవరైనా రాస్తారా, ఇవాళ చూపిద్దామంటే సాయలి సెలవు మీద ఉంది, పుస్తకం సంచిలోంచి తీయకుండానే తిరిగొచ్చాను, దేవుడి పటం వెనక పెట్టాను, అది తీసి ఈయన మొహాన కొట్టాలి, చదువుకో అని.

పల్లీలు వేగాయి, చేటలో పోసి నలుపుతున్నాను, పొట్టు ఊదితే లోపలి గది గుమ్మం దాకా ఎగిరింది, ఆ గదిలో మయూరి ఉంది, నా కోసం బడికి సెలవు పెట్టి దవాఖానకు వచ్చిన పిల్ల, రెండింటి నుంచీ తలుపు దగ్గరకు వేసుకుని పరీక్ష పేపర్లు దిద్దుతోంది, దిద్దుతోందో ఏడుస్తోందో, చప్పుడైతే లేదు, నేనేం అన్నాను, అడిగాను అంతే, ఇంట్లో వంట చేసేది ఇద్దరమే, నేను తీపి వేయలేదంటే ఇంకెవరు వేశారు, ఈ పిల్ల పుట్టిల్లు దేగ్లూర్, వాళ్ల ఇళ్లల్లో పప్పులో బెల్లం ముక్క వేయందే ముద్ద దిగదు, పెళ్లై వచ్చిన కొత్తలో ఈ పిల్లా వేసేది, అదే అడిగాను, మయూరీ, పప్పుల ఇంక గూడ బెల్లం ఏస్తున్నవా, నిజం జెప్పు అని, ఆ పిల్ల దుపట్టా మడత పెడుతున్నదల్లా ఆగి, లేదత్తమ్మా, ఏడు నెలల సంది ఈ ఇంట్ల అందరం మీ పప్పే తింటున్నం, అమోల్‌కు గూడ అదే డబ్బల పెడుతున్న అంది, గొంతు పెంచలేదు, పెంచితే బాగుండేది, నేనూ పెంచేదాన్ని, అట్లా మెత్తగా అని లోపలికి వెళ్లిపోయింది, రైల్వే డ్యూటీ నుంచి నా కొడుకు అమోల్ రాత్రికొచ్చి నా పెళ్లాన్ని ఏమన్నవమ్మా అంటాడేమో, అననీ, కన్ను నాది, పోయేది నాది, నన్ను మాత్రం ఎవరైనా అనొచ్చు, నేను ఒక మాట అడిగితే అందరికీ మనసు నొచ్చుకుంటుంది.

అసలు ఈ ఇంట్లో ఎవరికీ ఇంగితం లేదు, వారంలో మూడు రోజులు ఉపవాసం ఉండే మనిషిని పట్టుకుని తింటున్నావా అని అడగడానికి నోరెలా వచ్చింది, సోమవారం శివుడికి, గురువారం దత్తుడికి, శనివారం మారుతికి, ఇవి కాక ఏకాదశులు, చతుర్థి, శనివారం మాత్రం ఈ శ్రావణంలోనే మొదలుపెట్టాను, కన్ను బాగుపడాలని మొక్కుకుని, శ్రావణం అయిపోయి కార్తీకం వచ్చినా వదల్లేదు, ఇవాళ గురువారం, దవాఖాన గోలలో పొద్దున్నుంచి చక్కెర లేని చాయ్ తప్ప నోట్లో ఏమీ పడలేదు, సాబుదాన, అదే సగ్గుబియ్యం, రాత్రే నానబెట్టాను, చక్కగా ఉబ్బింది, వేళ్ల మధ్య నలిపితే గింజ గింజ విడిపోతోంది, పల్లీలు మరీ మెత్తగా కాకుండా దంచాను, కడాయిలో నెయ్యి, జీలకర్ర, పచ్చిమిర్చి, ఆలుగడ్డ ముక్కలు, ఇప్పుడు సాబుదాన వేసి తిప్పుతుంటే గింజలు నెయ్యి పట్టి మెరుస్తున్నాయి, మెరుపు మాత్రం కనిపిస్తుంది నాకు, మా అమ్మ రుక్మాబాయి ఇందులో చిటికెడు చక్కెర వేసేది, నేను వేయను, షుగర్ ఉన్నదాన్ని కదా, జాగ్రత్త ఉండాలి, ముఖేడ్‌లో మా ఇంట్లో ఏకాదశి అంటే పిల్లలందరం ఉపవాసమే, ఐదేళ్లవాళ్లం కూడా, మాకు భక్తి ఎక్కువై కాదు, ఈ ఖిచ్డీ కోసం, అమ్మ ఇత్తడి గుండిగ నిండా చేసేది, మేం పళ్లాలు పట్టుకుని వరసగా కూర్చునేవాళ్లం, బాపు దుకాణం నుంచి వచ్చి చూసి ఏకాదశీ, దుప్పట్ ఖాశీ అని మరాఠీలో ఎగతాళి చేసేవాడు, పేరుకు ఏకాదశి, తిండి మాత్రం రెండింతలు అని, అందరం నవ్వేవాళ్లం, అమ్మ వడ్డిస్తూ నవ్వేది, కింద నుంచి బజ్జీల వాసన వస్తోంది, రానీ, ఇవాళ గురువారం, ఇవాళ ఆ వాసన నన్నేం చేయలేదు, ఉపవాసం ఉన్న రోజు బజ్జీల ధ్యాస నా దరిదాపులకు కూడా రాదు, అదే దేవుడి బలం అంటే.

మెట్ల మీద అడుగులు, వచ్చాడు, చేతిలో పార్సల్, ఇంత జరిగాక కూడా, పేపరు అడుగున నూనె మచ్చ పెద్దదవుతోంది, నేను పళ్లెంలో ఖిచ్డీ పెట్టుకుని కింద కూర్చున్నాను, ఈయన కుర్చీలో కూర్చుని పార్సల్ విప్పుతూ, ఏందే, ఇయ్యాల గూడ ఉపాసమేనా, సోమారం, గురువారం, శనివారం, నీ దేవుండ్లు గూడ ఎస్టీ బస్సుల లెక్క వరసగ అస్తున్నరు అన్నాడు, నా ఒళ్లు మండింది, లేచి దేవుడి పటం వెనకనుంచి నోటుబుక్కు తీసి ఆయన ఒళ్లో పడేశాను, సదువు, నువ్వే సదువు, అద్దాలు పెట్టుకోని సదువు, ఏడు నెలలది మొత్తం ఉన్నది, యాడ బజ్జీ ఉన్నదో, యాడ బెల్లం ఉన్నదో సూపియ్యి అన్నాను, మామూలుగా అయితే కొట్టిపారేసేవాడు, సూర్యకాంత్ ముందు పరువు పోయింది కాబట్టి కాబోలు, వేళ్లు తువ్వాలుకు తుడుచుకుని అద్దాలు పెట్టుకుని మొదలుపెట్టాడు, డిపో గొంతుతోనే, మంగళవారం, మొలకలు గుప్పెడు, జొన్నరొట్టె ఒకటి, కాకరకాయ, రాత్రి రొట్టె ఒకటి, పప్పు, బుధవారం, మొలకలు, రొట్టె, మెంతికూర, జామకాయ సగం, గురువారం, ఉపవాసం, శుక్రవారం, మొలకలు, రొట్టె, శనివారం, ఉపవాసం, అట్లా చదువుతూ పోతున్నాడు, ఉపవాసం వచ్చినచోట ఎక్స్‌ప్రెస్ బస్సు చిన్న ఊరు దాటినట్టు ఆగకుండా పోతున్నాడు, నేను వింటూ తింటున్నాను, ఆకలి దంచేస్తోంది, పళ్లెం అయిపోతే కడాయి దగ్గరకు జరిగి రెండోసారి పెట్టుకున్నాను, ఆయన బూందీ లడ్డు తునక, క్షమించండి దగ్గరకొచ్చేసరికి ఆగాడు, అద్దాలు నుదుటి మీదకు తోసుకున్నాడు, ఇదేంది, ఇది గూడ రాసినవా, పిస్సదానివా అన్నాడు, గొంతులో డిపో లేదు.

పుస్తకం తెరిచే ఉంచి నా వైపు తిప్పి పళ్లెం పక్కన నేల మీద పెట్టాడు, సూడు, ఇందుల ఒక్క తప్పు లేదు, నేనే నోరు జారిన, తప్పైంది పో అన్నాడు, ముప్పై ఆరేళ్లలో ఈయన నోట తప్పైంది అన్న మాట వినడం ఇది రెండోసారి, మొదటిసారి అమోల్ పుట్టిన రోజు దవాఖానకు ఆలస్యంగా వచ్చి అన్నాడు, నేను గెలిచాను, వీధి ముందూ గెలిచాను, ఇంట్లోనూ గెలిచాను, చెప్పాలి ఇప్పుడు నాలుగు మాటలు, నాలుక చివర సిద్ధంగా ఉన్నాయి, ముందు ఈ ముద్ద మింగి చెబుదామని వంగాను, పుస్తకం కనిపించింది, అక్షరం ఒక్కటీ ఆనడం లేదు, రాసినచోటంతా తడిసిన బూడిదలా ఉంది, కానీ రాయనిచోటు మాత్రం తెల్లగా బాగా కనిపిస్తోంది, నాలుగు గీతల బూడిద, ఒక తెల్లటి ఖాళీ, మళ్లీ బూడిద, మళ్లీ ఖాళీ, ఒక్క పదం రాసి వదిలేసిన గీతలు, ఎడమ చేత్తో పేజీ వెనక్కి తిప్పాను, ఎండాకాలంలో వారానికి రెండు ఖాళీలు, ముందుకు తిప్పాను, శ్రావణం నుంచి మూడు, ఏకాదశి పడ్డ వారం నాలుగు, పోను పోను బూడిద తగ్గి తెలుపే ఎక్కువైంది, ఏముంది అక్కడ, ఏమీ లేదు, ఉపవాసం, ఏమీ లేని రోజు, కుడి చేతిలో ముద్ద ఇంకా అట్లాగే ఉంది, నెయ్యి వేళ్ల మీదుగా కారి మణికట్టు దాకా వచ్చింది.

సాబుదాన రెండు పళ్లాలు, ఒక్కోసారి కడాయి గోకిన అడుగుతో కలిపి మూడు, పాలల్లో అరటిపండు, నాలుగు ఖర్జూరాలు, చాయ్‌తో రాజ్‌గిరా గింజల లడ్డు, బెల్లం పాకంది, ఉపవాసానికి చెల్లుతుంది, రాత్రి పడుకోబోయే ముందు ఆలుగడ్డ చివ్డా, చెల్లుతుంది, ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు, దాచలేదు, అది తిండి అని నాకు తట్టలేదు, దేవుడికి చెల్లిందంటే ఒంటికీ చెల్లుతుందనుకున్నాను, పైగా గోళీ కూడా లేకుండా, తట్టలేదా, నిజంగా తట్టలేదా భాగ్యా, మరి బుధవారం సాయంత్రం ఆ వాసన వచ్చినప్పుడు పళ్లు బిగపట్టుకుని ఏమనుకునేదానివి, రేపు గురువారం అనుకునేదాన్ని, శుక్రవారం రాత్రి చప్పటి పప్పు మింగుతూ రేపు శనివారం అనుకునేదాన్ని, శ్రావణం అయిపోయాక శనివారం ఎందుకు వదల్లేదు, కన్ను కోసమా, చంద్రభాగ జిద్దు అంది, దేవుడి బలం అనుకున్నాను నేను, కాదు, ఒక రోజు ఎదురుచూడగలిగితే ఏ బజ్జీనైనా కాదనొచ్చు, అమ్మ పళ్లెం ఎట్లా ఉండేదో గుర్తు తెచ్చుకుందామంటే గుర్తు రావడం లేదు, మా అందరి పళ్లాలూ గుర్తున్నాయి, అన్న పళ్లెం అంచు సొట్ట కూడా గుర్తుంది, అమ్మది లేదు, అమ్మకు పళ్లెమే ఉండేది కాదు, గుండిగ ఖాళీ అయ్యాక తులసాకు వేసిన నీళ్లు తాగేది, పొద్దుగూకాక ఒక్క అరటిపండు, అంతే, బాపు ఎగతాళి చేసింది మమ్మల్ని, అమ్మను కాదు, నేను ఇన్నేళ్లూ అమ్మలా ఉపవాసం చేస్తున్నాననుకున్నాను, ఆ పిల్లల వరసలోంచి ఇంకా లేవనే లేదు.

ఏమైందే, ముద్ద పట్టుకోని గట్ల కూసున్నవ్, తప్పైందంటిని గదా అంటున్నాడు ఈయన, కోపం ఇంకా ఉంది నాకు, చల్లారలేదు, కానీ ఎవరి మీద పెట్టాలో తెలియడం లేదు, సూర్యకాంత్ మీద పెట్టలేను, చంద్రభాగ మీద పెట్టలేను, లోపలి గదిలో ఆ పిల్ల పేపర్లు తిప్పుతున్న చప్పుడు వినిపిస్తోంది, దిండుకు గుచ్చిన సూదుల్లో ఇవాళ ఒక్క దారం కూడా వాడలేదు, దవాఖానకు పోయే తొందరలో కూడా ఏడూ ఎక్కించి పెట్టింది, ఆ పిల్లను నేను నిజం జెప్పు అన్నాను, ఈయన ఆటోలో నన్ను అన్న మాటే, అదే గొంతుతో, షుగర్ ఆస్మాన్ నుంచి పడలేదు, బండి మీంచి మెట్లెక్కి రాలేదు, పప్పులోంచి రాలేదు, తలస్నానం చేసి, దీపం పెట్టి, నా చేత్తో నేనే వండుకుని తిన్నాను, ముద్ద పళ్లెంలో పెట్టేశాను, పళ్లెం పక్కకు జరిపాను, మయూరీ, జర ఇటు రా బిడ్డా, పెన్ను గూడ పట్టుకోని రా, నాకు కనిపిస్తలేదు, నేను జెప్త, నువ్వు రాయి, గురువారం, ఉపవాసం అని నేను రాసిన పక్కన రాయి, సాబుదాన ఖిచ్డీ, రెండు పళ్లాలు, రెండోది సగం మిగిలింది.